చేతివాటం

చాక్‌పీసుతో గోడ మీద ముందు గీత గీశాను:
ముప్పై ఆరంగుళాల వెడల్పు, ముప్పై తొమ్మిది ఎత్తు.
పొయ్యి ఇంకా చిన్నదే.
కానీ ఇనప పొయ్యికి ఊపిరాడాలి,
మూడు పక్కలా బెత్తెడేసి ఖాళీ వదలాలి,
కోపంలో ఉన్నవాడికి వదిలినట్టు.

టెగ్వెన్ సోఫా మీద దుప్పట్లు కప్పింది,
పటాలు దించింది,
పిల్లిని వంటింట్లో పెట్టి గడియ వేసింది.
బయట వేల్స్ వాన, పలకరాళ్ల కప్పుల మీద ఒకటే వాన.
"పై రాయి పగిలితే కొత్త దూలం వేయించి,
గ్యాసు హీటరొచ్చాక మూయించేసింది మా అమ్మ.
మూసింది మీ నాన్నే" అంది.

తెలుసు. సిమెంటు గీతలు చూడగానే తెలిసింది.
ప్రతి వరసలోనూ తాపీ అటునుంచి ఇటు జారింది.
ఈ లోయలో ఎడమచేత్తో గోడ కట్టింది
ఒక్క ఇద్వాలే.

ఉలి పెట్టి మొదటి ఇటుక కదిపాను.
మడాక్ బకెట్లు మోశాడు.
ఇటుకల వెనక రాళ్లపొడి,
పొడిలో కాకిగూటి పుల్లలు, ఎవరిదో బూటు నాలుక,
పదిహేడు బకెట్ల మసి,
తుమ్మితే చాలు గదంతా నిండే మసి.

అప్పుడు బయటపడింది పైన దూలం.

కాంక్రీటు కాదది.
క్వారీ లైను రైలు పట్టా, నాలుగున్నర అడుగుల ముక్క,
వానలో తడిసిన పుస్తకంలా ఉబ్బి.
తుప్పు చోటు అడుగుతుంది, ఇనుము కంటే ఎక్కువ చోటు.
ఇవ్వకపోతే గోడను తోస్తుంది.
గూటి పైన ఏటవాలుగా పాకిన ఆ బీట,
టెగ్వెన్ ప్రతి వసంతంలో రంగేసి మూసే బీట,
కొండలో పేల్చిన మందువల్లనే అనుకున్నారు ఇన్నాళ్లూ.

పాత రసీదు తెచ్చింది డబ్బాలోంచి.
"కాంక్రీటు దూలం ఒకటి, పదకొండు పౌండ్లు."
నాన్న రాతే. అక్షరాలన్నీ వెనక్కి వాలి ఉన్నాయి.

ఆయనది ఎడమ చేతివాటం.
కాస్త చేతివాటం కూడా ఉండేదని
ఇదిగో, ఇప్పుడు చూస్తున్నాను.

మడాక్ బకెట్ దించి నా మొహంకేసి చూశాడు.
నేను జాకీలకేసి చూశాను.

పైగోడకి రెండు చిల్లులు పొడిచి, ఉక్కు దూలాలు దూర్చి,
కింద జాకీలు తిప్పుతూ పోయాం
బరువంతా వాటి మీదికి దిగేదాకా.
అప్పుడెవరం మాట్లాడం.
గోడ ఏమైనా అంటే వినపడాలి కదా.
పట్టా వచ్చేసింది, కదిలిన పాలపన్నులా.

"ఆ పదకొండు పౌండ్లూ బిల్లులో కొట్టేస్తాను" అన్నాను.
నవ్వింది. కిటికీ తెర పక్కకి లాగింది.
పెరట్లో కోళ్లగూడు, దాని కింద నాలుగు స్లీపర్లు,
ఇంకా తారు వాసనేస్తూ.
"అవి మా నాన్నవి. అదే లైను, అదే శీతాకాలం.
ఒక్కడే మోశాడా?
అటు చివర పట్టుకున్నది ఎవరనుకున్నావ్?"

కొత్త దూలం ఎక్కించాను,
అటు ఆరంగుళాలు ఇటు ఆరంగుళాలు గోడలోకి,
మట్టంలో బుడగ నడిమికి వచ్చేదాకా పలకముక్కలు దోపుతూ.
సున్నం ఆరాలి. పొయ్యి ఈ గురువారం కాదు, పైవారం.
అగ్గిపుల్ల గీసి గూట్లో పట్టాను.
మంట లోపలికి వంగి, పైకి సాగింది.
గొట్టం బాగానే పీలుస్తోంది.

పట్టాని పాత ఇనుము కొట్టుకి వేద్దామా, అన్నాడు మడాక్.
వద్దు, వ్యాన్‌లో పెట్టు, అన్నాను.
ఎందుకంటే నాకూ తెలీదు.
వాడు ఎత్తబోయి, ఎత్తలేక, నన్ను చూశాడు.
వెళ్లి అటు చివర పట్టుకున్నాను.