రెండు సెకన్ల విశ్రాంతి

బాలరాట్‌లో మంగళవారం టికెట్ సగం ధర.
నా సినిమా పరిజ్ఞానం అక్కడ మొదలై అక్కడే ఆగింది.
స్క్రీన్‌ప్లే సంగతులు ఫణిభూషణ్‌ని అడగండి,
పాప్‌కార్న్ నములుతూనే రేటింగ్ ఇస్తాడు,
రెండున్నర, రెండూ ముప్పావు,
బంగారం తూచినట్టు.
నేను ఇరవై ఒకటో నంబర్ బస్సు నడుపుతాను.
ఏ మలుపులో జనం దిగిపోదామనుకుంటారో
అది మాత్రం తెలుస్తుంది నాకు.

జూలై అంటే ఇక్కడ ఎముకలు కొరికే చలి.
ఊరి మధ్య పాత హాల్లో నలుపు తెలుపు బొమ్మ వేశారు.
పదకొండు మందిమి.
హీటరు మాకంటే గట్టిగా దగ్గుతోంది.
తెర మీద ఒకావిడ రైలు తప్పిపోయి
ప్లాట్‌ఫామ్ మీద నిలబడింది.
నిలబడింది, అంతే.
నిమిషం. నిమిషంన్నర.
ఒక చేతి గ్లవ్ తీసింది, మళ్ళీ తొడుక్కుంది.
వెనక కుర్రాడు ఫోన్ తీశాడు.
నేనా ముఖం ఎరుగుదును.
రోజుకి నలుగురైనా కనిపిస్తారు సైడ్ మిర్రర్లో
తలుపు మూసి నేను కదిలాక.

అలాగని పాతవన్నీ గొప్పవంటే ఒప్పుకోను.
చెంప పగలగొడితే ప్రేమ పుట్టిన బొమ్మలు
ఎన్ని చూశాం, ఎన్నిటికి ఈల వేశాం!
ఆ పాపంలో నా ఐదు రూపాయల టికెట్టూ ఉంది.
పైగా, ఏ సినిమాలోనూ డ్రైవరుకి ముఖం ఉండదు.
హీరోయిన్ పరిగెత్తుకొస్తే బస్సు ఆగుతుంది.
ఎవరాపారు?
డిపోలో ఆ మనిషి ఏం సమాధానం చెప్పుకున్నాడు?
తీస్తే దానికి తియ్యాలి సీక్వెలు.

కొత్తవాటిలో అసలు బస్సే ఉండదు.
ఉంటే పేలుతుంది.
మొన్నొకదాంట్లో పన్నెండు, లెక్కపెట్టాను,
హీరో భుజం మీద దుమ్ము దులుపుకునేలోపు
గాల్లోకి లేచాయి.
నా పక్కన డోరీన్.
పాత హాల్లో ముప్పై ఏళ్ళు టికెట్లు చింపి రిటైరైంది,
మన భాష ముక్క రాకపోయినా మన సినిమాకొస్తుంది,
డబ్బుకి తగ్గ నిడివి అంటుంది.
నా వైపు వంగి అడిగింది,
"లోపల ఎవరైనా ఉన్నారా?"
ఏమో డోరీన్. చెప్పలేదు.

కానీ నా అసలు ఫిర్యాదు వేరే.
శనివారం రాత్రి తొమ్మిదీ నలభై, మాల్‌లో ఏడో స్క్రీను.
మూడు గంటల బొమ్మ.
హీరో కత్తి ఎత్తగానే తెర మీద "విశ్రాంతి" అని పడుతుంది.
రెండు సెకన్లు.
దీపాలు వెలగవు, ఎవరూ లేవరు,
కత్తి దిగిపోతుంది.
ఆపడానికి ఆపరేటరు లేడట,
ఎక్కడో కంప్యూటరు నడుపుతోందట.

మా తాడేపల్లిగూడెంలో అది పావుగంట.
ఆడవాళ్ళ బాత్రూం క్యూలో నిలబడి
మా వర్ధనం పిన్ని తేల్చేసేది
దొంగ ఎవరో, ఎవరు పోతారో,
పెద్దకోడలి నటన దండగ, చీర మాత్రం బావుందని.
సగం తప్పేది.
అయితేనేం, ఆ కాసేపు కథ మా చేతిలో ఉండేది.
బెల్లు కొట్టాక వాళ్ళు లాక్కునేవాళ్ళు.

పోయిన శనివారం ఏమైందో,
"విశ్రాంతి" దగ్గర బొమ్మ బిగుసుకుపోయింది.
దీపాలు వెలిగాయి.
ఒకరి ముఖాలొకరం చూసుకున్నాం
దొంగతనం బయటపడ్డవాళ్ళలా.
ఎవరి హ్యాండ్‌బ్యాగులోంచో జంతికలొచ్చాయి.
"ఆ మాటకి అర్థమేంటి?" అంది డోరీన్.
చెప్పాను.
"అందులో ఏం చేస్తారు?"
ఎవరు చస్తారో చెప్తారు, అన్నాను.
జంతిక కొరికి, చాలాసేపు ఆలోచించి,
తెల్లగడ్డం లాయరు, అంది.
మెట్ల మీద నిలబడి ఫణిభూషణ్ కాదంటే కాదన్నాడు,
వరుసలో పిల్లలు పందేలు కాశారు.
పన్నెండు నిమిషాలు.

సినిమాకి రెండుంపావు ఇచ్చాడు ఫణిభూషణ్.
ఎక్కువే.
లాయరు చావలేదు, చివర్లో పెళ్ళికి కూడా వచ్చాడు.
డోరీన్ ఇంకా అలిగే ఉంది.