దించుడు

అజ్మాన్‌ల నల్లబట్ట పన్నెండు పొరలు
ఒక్క కత్తెరకు తెగాలె.
పొద్దున చాయ్ గిలాస ఎత్తబోతే
మోచేతి బయటి బొడిపె కాడ సుర్రుమన్నది.

"టెన్నిస్ ఎల్బో" అన్నడు డాక్టరు.
నవ్వొచ్చింది.
ఆ బ్యాటు ఎంత బరువుంటదో గూడ నాకెర్క లేదు.
"ఎముక మంచిగనే ఉన్నది రాజనర్సూ,
మణికట్టును లేపే నరం మొదట్ల
పీచుపీచయింది,
పాత నవారు లెక్క."

ఫిజియో పిల్లది కొట్టాయమట.
నీళ్ళ సీసా చేతికిచ్చింది.
ఎడమచేత్తో లేపు, కుడిచేత్తో దించు,
మెల్లగ, ఐదు లెక్కవెట్టుకుంట.
ఎత్తుడు మందు గాదట, దించుడే మందట.
పదకొండేండ్లల్ల
దించినదానికి ఎవ్వడన్న కూలిచ్చిండా?

ఇంకోటి గూడ చెప్పింది:
ఏదెత్తినా అరచెయ్యి పైకి వెట్టి ఎత్తు.
అట్ల చెయ్యి చాపుడు ఇష్టంలేకనే గద
కత్తెర వట్టింది.

రాత్రి కింది మంచం మీద
మోచేతి కింద పట్టీ బిగించి,
మోకాలు మీద చెయ్యి ఆనిచ్చి దించుతున్న.
మూడు... నాలుగు...
పైమంచం పెషావరాయన తొంగిచూసిండు:
"ఏం తూకమేస్తున్నవ్ భాయ్?"
లెక్క తప్పింది.
మళ్ళ ఎడమచేత్తో లేపిన.