పది బీడీల సేపు

జగిత్యాల పెద్ద దవఖానల
డాక్టరమ్మ ఎక్స్‌రే ఫిలింను వెలుగుకు వట్టి సూపెట్టింది.
మా గంగరాజం రొమ్ముల
వానకు నానిన పొయ్యిల్లు లెక్క
మసి, చెమ్మ, బూజు.

"రోజుకెన్ని?" అన్నది.
ఆయన నేల సూసిండు.
నేను చెప్పిన, కట్టన్నర.
నాకు తెల్వదా,
కట్టకు ఇరవై ఐదు.
చుట్టేది నేనే గద.

తర్వాత ఆ చల్లటి బిళ్ళ
నా ఈపు మీద గూడ వెట్టింది.
ఊపిరి తియ్యుమన్నది, ఇడువుమన్నది.
"నువ్వు గూడ తాగుతవా అమ్మా?"
లేదమ్మా,
చేస్త.

చీటీ మీద పెన్ను ఆగింది.
తాగనోళ్ళ దగ్గుకు
ఏం పేరు రాయాల్నో ఆమెకు తోచలే.

ఆయనకైతే గోలీలు రాసింది.
"మానుడు ఒక్క పూట పని గాదు.
పాణం గుంజుతది.
అయిదు నిమిషాలు ఆపుకుంటే
ఆ గుంజుడే అలిసిపోతది.
అప్పటిదాక నీళ్ళు తాగు, నడువు, సోంపు నములు,
ఎవ్వరితోనన్న మాట్లాడు."

అయిదు నిమిషాలంటే ఎంత?
మా ఇంట్ల గడియారం ఆగి రెండేండ్లాయె.
కాలం నా వేళ్ళకే ఎరుక.
నానిన తునికాకు కత్తిరించి
తంబాకు పరిచి, చుట్టి
మూతి మలిచి, దారం తిప్పితే
అర నిమిషం.
అయిదు నిమిషాలంటే
పది బీడీలు.

తెల్లారి నా చాట ముందట్నే కూసున్నడు.
"వచ్చిందే" అన్నడు, వానొచ్చిందన్నట్టు.
ఒకటి.
రెండు.
మూడు కాడ నన్ను తిట్టిండు.
నాలుగు కాడ సచ్చిపోయిన మా అవ్వను తిట్టిండు.
ఆరు కాడ చాటల చెయ్యి వెట్టబోతే
కత్తెర పిడితోని వేళ్ళ మీద కొట్టిన.
తొమ్మిది.
పది.
"పోయిందా?"
"పోయింది" అన్నడు
మెట్‌పల్లి బస్టాండ్ల ఆఖరి బస్సు పోయినంత దిగులుగ.

మూడో దినం అన్నం పళ్ళెం ఇసిరేసిండు.
నాలుగో దినం తనే మెతుకులేరిండు.
రాత్రి నిద్రవట్టక
నా దారం కండె చేతుల వట్టుకొని
చిక్కులు దీసిండు, లేని చిక్కులు గూడ.

పదమూడో నాడు
మార్కెట్ల పసుపు బస్తాలు దించి వచ్చిండు.
అంగీ ఇప్పుతుంటే
పసుపు వాసన కింద ఇంకో వాసన.
"ఒక్కటే" అన్నడు.
కొట్లాడుదామనుకున్న.
గని, ఒక్క బీడీ వంకరబోతే
కార్ఖాన్ల ఆ ఒక్కటే ఏరి పడేస్తరు,
వెయ్యీ పడెయ్యరు.
అన్నం వెట్టిన.
పొద్దుగాల మళ్ళ ఒకటి నుంచి లెక్క.

ఇప్పుడు గుంజుడు నాలుగు బీడీల సేపే.
ఒక్కోనాడు వచ్చిన సంగతి గూడ
పోయినంక చెప్తడు.

మొన్న తెల్లారగట్ల ఉలిక్కిపడి లేసిన.
ఇరవై రెండేండ్లు
ఆయన దగ్గే నాకు కోడికూత.
ఇల్లంత సప్పుడు లేదు.
పాణం జల్లుమన్నది.
చీకట్ల తడుముకుంట
ఆయన ముక్కు కాడ వేలు వెట్టిన.
ఎచ్చగ, నెమ్మదిగ,
ఊపిరి.
అట్లనే కూసున్న తెల్లారేదాక,
వేలు తియ్యబుద్ది గాలే.

నా దగ్గు మాత్రం నాతోనే ఉన్నది.
మూతికి కొంగు గట్టుకొని చుడుతున్న,
కిటికీ తెరిచి చుడుతున్న.
ఆయన గోలీల పైసలు
ఈ కూలిలకెల్లే రావాలె,
ఎవ్వరికి చెప్పుకుంట ఈ లెక్క?

పొద్దుగూకంగ నలభై కట్టలు కార్ఖానకు మోస్త.
ఆడ వాటికి కాగితం చుడ్తరు,
కాగితం మీద కుళ్ళిన గొంతు బొమ్మ.
ఏ ఊర్ల, ఏ ఇంట్ల ఇప్పుతరో.
ఆ ఇంట్లామెకు గడియారం ఉన్నదో లేదో.

ఇయ్యాల ఒక కట్టల
ఇరవై నాలుగే వెట్టిన.
మునీం పట్టుకుంటడు,
కూలి కోస్తడు.

కోయనీ.