దాపెట్టిన పది కిలోమీటర్లు

రేపు పొద్దుగాల అయిదింటికి.
నంబరు కాయితానికి నాలుగు పిన్నీసులు గుచ్చి
అంగిని కుర్చీకి తొడిగిన.
కుర్చీ నాకన్న తయారుగ ఉన్నది.

ఇరవై రెండేండ్లు ఈ పట్నాన్ని
కూసోనే దాటిన.
ఉప్పల్ నించి మెహదీపట్నం, మెహదీపట్నం నించి ఉప్పల్.
ఎత్తులు ఇంజను ఎక్కేది,
రొప్పుడు ఇంజనుది,
చెమట ఒక్కటే నాది.

తార్నాక దవాఖానల డాక్టరమ్మ
నెత్తురు పరీక్ష చీటీ చూసి చానాసేపు ఏమనలే.
"బస్సునైతే సర్వీసింగుకు పంపుతరు గద" అన్నది, గంతే.
ఆ మాట నాతోని మెట్లు దిగింది.

మార్చిల, మొదటి దినం,
హబ్సిగూడ సిగ్నలు దాంక పోయి
కరెంటు స్తంభం పట్టుకొని నిలవడ్డ.
పాల వ్యాను పిలగాడు బండి ఆపి అడిగిండు:
"కాకా, ఎవలన్న తరుముతున్నరా?"
జవాబియ్యనీకి ఊపిరి లేదు.
ఊపిరొచ్చినంక జవాబు లేదు.

మాసాబ్‌ట్యాంక్ కాడ రోడ్డు ఎత్తుంటదని
స్టీరింగు ఎన్నడు చెప్పలే,
పిక్కలు చెప్పినయి.

చిలకలగూడల ఒక కుక్క, చెవి తెగింది,
రెండు వారాలు ఎంబడవడి మొరిగింది,
మూడో వారం సప్పుడు చెయ్యకుంట పక్కపొంటి ఉరికింది.
జూన్ల కనవడలే.
ఆ గల్లీ మూల మీద
ఇప్పటికీ జర మెల్లగైత.

బూట్లు కోఠిల ఆదివారం బజార్ల కొన్నయి.
ఎవని పాదమో ముందే లోపట అచ్చువడి ఉన్నది.
ఆ ఎరుకలేని మనిషి అడుగులల్ల నా అడుగులు వెట్టి
ఎండకాలమంత ఉరికితే
ఎడమ బొటనేలి గోరు నల్లగయ్యి ఊడింది.
మా జగదాంబ దాన్ని అరచేతుల వెట్టుకొని
"గింత దూరానికి గిదేనా టికెట్టు?" అన్నది.

బోనాల ఆదివారం ముసురు వట్టింది.
ఏపాకు వాసన, తడిసిన డప్పులు,
ఇరవై ఎనిమిదో కిలోమీటరు కాడ
పిక్క నరం ముడివడి ఫుట్‌పాత్ మీద కూలవడ్డ.
అప్పుడు యాదికొచ్చింది మణెమ్మ.

పదకొండేండ్లు నా బస్సుల కండక్టరు.
నేను కూసున్న దూరమంత
ఆమె నిలవడ్డ దూరం.
ఉప్పల్ల దిగినప్పుడు చీర కుచ్చిళ్లు జర లేపి
పిక్కల మీది నీలం నరాలు ఒత్తుకునేది.
నేను చాయ తాగుకుంట అటు దిక్కు చూసేటోన్ని.

ఇంటికొచ్చి ఫోను చేసిన.
"మణెమ్మా, కాళ్లు నొస్తున్నయా?"
ఆమె నవ్వుడు ఆపలే.
"రిటైరై రెండేండ్లాయె డ్రైవర్ సాబ్,
స్టేజీ దాటినంక బెల్లు కొడ్తున్నవ్."

ముప్పై రెండు ఉరికిన నాడు
మా డిపో బస్సే పక్కకొచ్చి మెల్లగైంది.
డోరు కాడి పోరడు "ఎక్కుతవా అన్నా?" అన్నడు.
లోపట ఒక్క సీటు ఖాళీ,
కిటికీ పక్కది.
దేవుడు కండ్లవడ్డట్టు కండ్లవడ్డది ఆ సీటు.
చెయ్యూపి అన్న: రైట్, రైట్.

గుంపుల మాకు నేర్పే పిలగాడు
ముప్పై రెండుతోనే ఆగుమన్నడు.
ఆఖరి పది రేపటికి దాపెట్టుమన్నడు.
డబ్బాల దాపెట్టిన పైసలోలె
అవి ఉన్నయో లేవో
తీస్తెగాని తెల్వదు.

రేపు నెక్లెస్ రోడ్డు బందు.
బస్సులన్నీ వేరే దారి తిప్పుతరట.
ఎన్నో జులూసులకు, ఎందరో మంత్రులకు
బండి ఆపుకొని తిట్టుకున్నోన్ని.
రేపు స్టీరింగు ముందట కూసోని
నన్ను ఎవడు తిడ్తడో.
తిట్టనీ.

పది దాటింది. నిద్ర వస్తలేదు.
నిద్రల నా కుడికాలు బ్రేకు తొక్కుతదని
జగదాంబ ఎన్నో ఏండ్ల సంది చెప్తది.
ఈ రాత్రి ఏమనకుంట
తన కాలు తెచ్చి
దాని మీద ఏసింది.