స్కోరుబుక్కులో పట్టని ఆట

ఇరవై రెండేళ్లుగా
గుణుపురం క్రికెట్ క్లబ్బుకి లెక్క రాస్తున్నాను.
వికెట్టుకో కొక్కెం, నోబాలుకో సున్న.
పరుగు రాని బంతికి కూడా
నా పుస్తకంలో ఒక గడి, గడిలో ఒక చుక్క.

ఫుట్‌బాలంటే మాకు
కొండ మీంచి దిగొచ్చే సవర కుర్రాళ్ల ఆట.
కోతలయ్యాక ఎండిన మడిలో వెదురు గోలుపోస్టులు,
గెలిచిన జట్టుకి ఖాసీ మేక,
ఓడినవాళ్లకి నాటుకోడి.
గోలు వెనక కట్టేసిన ఆ మేకొక్కటే
ఆటంతా శ్రద్ధగా చూసేది.
బజారు వాళ్లం మేం
సైకిలు దిగకుండానే నవ్వుకుంటూ పోయేవాళ్లం:
"గంటన్నర పరిగెత్తి ఒక్కటా!
మా దిబాకర్ ఒక్క ఓవర్లో ఇరవై కొడతాడు."

ఈ ఆషాఢంలో
రైసుమిల్లులో రాత్రి కాటా రాస్తున్నాను.
లారీ లేదు. వాన. కరెంటు పోయింది.
బస్తాలు మోసే రూబెన్ గమాంగో
ఫోను తవుడు డబ్బాకి ఆనించి
"ప్రపంచ కప్పు బాబూ, ఓసారి చూడండి" అన్నాడు.
ఎవరెవరంటే, అందులో ఒకటి
నేను బళ్లో కూడా వినని దేశం.
"మనం లేమా?"
"లేం బాబూ."
"మరి ఎవరి పక్షం ఉండాలిరా?"
వాడు తల గోక్కుని
"జనాభా లెక్కలోడొస్తే మీరేం రాయిస్తారు బాబూ,
తెలుగా, ఒడియానా?" అన్నాడు.
వెధవ, నోరు కట్టేశాడు.
సరే, ఆ వినని దేశమే మనది అన్నాను.

పావుగంటలో నా దేశం గోలు వేసింది.
స్కోరరు అరవకూడదు, అది నియమం.
అరిచాను.
తవుడు డబ్బా పడింది, ఫోను పడింది,
తీసి చూసేసరికి జెండా లేచి ఉంది.
ఆఫ్‌సైడట.

"గీత ఏదిరా? కనపడదేం?"
రూబెన్ మూడు టీగ్లాసులు వరసగా పెట్టాడు.
"గీసిన గీత కాదు బాబూ.
కాపలావాడు ఎక్కడుంటే అక్కడే గీత.
వాడు నాలుగడుగులేస్తే
గీతా నాలుగడుగులేస్తుంది,
మనవాడు నిలబడ్డ చోటే తప్పైపోద్ది."

అప్పుడెందుకో మా తాత గుర్తొచ్చాడు.
ముప్పై ఆరులో ఆయన ఎక్కడికీ కదల్లేదు.
గీతే నడిచింది.
పార్వతీపురం పక్క పొలం పైరాష్ట్రమైంది,
కోర్టు కాయితం రానురాను ఒడియాలో రావడం మొదలెట్టింది,
దాన్ని తలకిందులుగా పట్టుకుని
దీపం దగ్గర చాలాసేపు కూర్చునేవాడట.
అడుగు ముందుకెయ్యకుండానే
ఆఫ్‌సైడైపోయిన మనిషి.

ఆ తర్వాత రాద్దామని చూశాను.
కాటా చీటీ వెనక పాసుకో చుక్క.
చుక్కలు గడి దాటాయి, చీటీ దాటాయి,
బల్ల మీదికొచ్చాయి.
ఎడం పక్క ఎర్రజుట్టు కుర్రాడు
బంతి లేకుండా నలభై గజాలు ఊరికే పరిగెత్తాడు,
ఇంకొకడికి దారి తెరవడానికి.
దానికి గుర్తేం పెట్టను?
పెన్సిలు చెవిలో దోపుకున్నాను.

తెల్లారి క్లబ్బులో అడిగారు, ఎంతకెంత అని.
"సున్నాకి సున్నా. పెనాల్టీల్లో పోయాం."
"అంటే రాత్రంతా ఏం జరగలేదన్నమాట!"
పోయాం అన్నమాట ఎవరూ పట్టించుకోలేదు.
నేనూ సర్దుకోలేదు.
ఆ రాత్రి కాటా పుస్తకంలో
ఒక లారీ తక్కువొచ్చింది.
సేటుకి వాన మీద చెప్పాను.

మొన్న పుష్యంలో పుట్టాసింగి దారిన వస్తుంటే
మడిలో దుమ్ము, ఈలలు.
రూబెన్ బస్తా లేని భుజాలతో పరిగెడుతున్నాడు,
వాడింత పొడుగని ఎప్పుడూ చూళ్లేదు.
గోలు వెనక మేక
నెమరు ఆపి చూస్తోంది.
దాని పక్కన కాస్త చోటుంది.
సైకిలు స్టాండు వేశాను.