గడ్డం కింద ఒక పోగు

బెలేంలో మధ్యాహ్నం వాన తప్పదు.
కలుద్దామంటే వాన ముందా తర్వాతా అని అడుగుతారు,
గడియారం చూడరు.
ఇవాళ వాన ముందే సీసా మూత తీశాను.

స్పిరిట్ వాసన. లోపల చెట్టుకప్ప,
నలభై రెండేళ్లుగా కళ్లు తెరుచుకునే ఉంది.
ఆకుపచ్చ ఎప్పుడో దిగిపోయి
నానిన పాత కాగితం రంగు మిగిలింది.

నా పని బొమ్మలు గీయడం.
గడ్డం కింది తోలు సన్నకత్తెరతో తీసి,
ఒక బొట్టు అయోడిన్ వేసి,
కండ పోగులు రంగెక్కేదాకా ఆగి,
చూసింది చూసినట్టు చుక్కలు చుక్కలుగా పెట్టడం.
చూడనిది పెట్టకు.
చేరిన రోజు ఒద్దీలోన్ గారు చెప్పిన పాఠం అంతే.

దవడ మూసే కండలు కంటి వెనక నుంచి దిగుతాయి.
తెరిచేది చెవి గుండ్రం వెనక విసనకర్రలా విచ్చుకుని
దవడ మూలన ఒక్క మొనై ముడిపడుతుంది.
ఒక్క ఈగ కోసం ఇంత సరంజామా.
అదీ చాలక మింగేటప్పుడు
కళ్లు కూడా లోపలికి నొక్కుకుంటుంది పిచ్చిది.

ఇవి అందరికీ ఉన్నవే. తేడా అంతా గడ్డం కింద,
రెండు దవడల నడుమ ఉయ్యాల కట్టినట్టుండే పలచని కండలో.
కొన్నిటికి అది ఒకే గుడ్డ.
కొన్నిటికి ముందు కొసన ఇంకో ముక్క అతికినట్టుంటుంది,
పోగులు ఏటవాలుగా నడుస్తాయి.
కొన్నిటికి ఆ అతుకులు వెనక్కి, పక్కలకి జరిగి ఉంటాయి.
మగకప్ప గొంతుసంచి ఉబ్బినప్పుడు చిరక్కుండా కాబోలు.
కాబోలు అన్నది నాది. ఆయన రాయనివ్వరు.

ఆస్ట్రేలియా నుంచి పోస్టులో వచ్చిన సీసా పక్కన పెట్టి చూస్తే
అవే బిళ్లల వేళ్లు, అదే బక్క నడుము.
చెట్టెక్కి బతికితే ఎవరికైనా అవే వేళ్లు వస్తాయి,
వేళ్లను నమ్మకు జురాసీ, అంటారాయన.
దానికి అతుకు ముందు. దీనికి పక్కల.
ఎన్ని కోట్ల ఏళ్ల నాడో వేలు విడిచిన చుట్టాలు.

కప్పల పేర్లలో ఇంటిపేరు ముందొస్తుంది,
మాలాగా చివర కాదు.
ఈ సీసా చీటీ మీద ఒక ఇంటిపేరుంది.
కండ ఇంకో ఇల్లు చెబుతోంది.
మూడుసార్లు చూశాను. మూడుసార్లూ అదే ఇల్లు.

శనివారం చేపల బజారులో
వల్దిరేనె కత్తి ఆపి నా మొహంలోకి చూసింది.
"కమెతా ఫ్లొరిపెస్ కూతురివి కాదూ?
ఆ గడ్డం ఎక్కడికి పోతుంది!"
కాదన్నాను.
నా ఇంటిపేరు ఆశ్రమం వాళ్లు పెట్టింది.
మా గదిలో పదకొండు మందిమి, పదకొండు మందికీ అదే.
"పోలికలకేం, నది పొడుగునా ఉంటాయి,"
అంటూ తూకంలో లేని చేపతల ఒకటి సంచీలో వేసింది.

రాత్రి పులుసు మరుగుతుంటే
గడ్డం కింద రెండు వేళ్లు పెట్టుకుని గుటక వేశాను.
ఏదో లేచింది, దిగింది.
అతుకు ముందో పక్కనో వేళ్లకు తెలియదు.
తోలు తీయకుండా చెప్పగలిగింది
చేపలమ్మే మనిషి ఒక్కతే.

సోమవారం బొమ్మ పూర్తిచేశాను.
ఒద్దీలోన్ గారు కళ్లద్దాలు పైకి తోసి చూసి, ఊఁ అన్నారు.
కొత్త చీటీ నల్లసిరాతో రాశాను.
పాతది పారేయడం మా దగ్గర ఆచారం లేదు.
తప్పు రాసినవాడి చేతిరాత కూడా
కప్ప పక్కనే స్పిరిట్‌లో నానుతుంది.
రెండు చీటీలూ లోపల వేసి మూత బిగించాను.

కమెతా పడవ రాత్రి ఏడింటికట.
నేను అడగలేదు.
చేప పొలుసు గీకుతూ తనే చెప్పింది.