నువ్వుగింజ మందం

ఆ మూడుకాళ్ళ యంత్రం దించి ముందు కూర్చో నాయనా.
చేప వేడిగా ఉంది, జునిపర్ పొగ వాసన ఇంకా వదల్లేదు.
రాసుకో: కోర్వలైడ్.
పొడవంటావా,
పాట ఎత్తుకుని ఈ కొస నుంచి నడిస్తే
చివరి చరణం నీళ్ళలో దిగి పాడాలి.
అదీ చిన్న పాటే.

కొండ లేదు. ఏరు లేదు.
బావి ఒకటుంది, గాలి తిరిగితే ఉప్పగిల్లుతుంది.
మంచుకాలం ఎక్కణ్ణుంచో దొర్లించుకొచ్చి
ఇక మొయ్యలేక వదిలేసిన బండలున్నాయి.
ఒక్కోదానికీ ఒక పేరు.
ఇప్పుడు మనుషులకంటే అవే ఎక్కువ.

తాతలు సీల్ కొవ్వుతో దీపాలు పెట్టుకున్నారు.
దొరలు మారారు, జెండాలు మారాయి,
పన్ను మాత్రం ఎండుచేపల్లోనే కట్టాం.
నలభై నాలుగు సెప్టెంబరులో, రాత్రిపూట
మా నాన్న ప్రీదు పడవ విప్పాడు.
అవతలి ఒడ్డు స్వీడన్.
అమ్మకి జ్వరం, నేను చంటిపిల్లని.
"సముద్రం గడ్డకట్టేలోపు వచ్చేస్తా ఎల్వీనే" అన్నాడట నాతో.
ఏ ఏడాదో చెప్పలేదు.

తర్వాత సైనికులొచ్చారు.
మిగిలిన పడవలు రంపాలతో కోయించారు.
ఆ చలికాలమంతా పడవలతోనే వంట.
రోజూ సాయంత్రం ఒడ్డున ఇసుకని
పళ్ళగొర్రుతో దువ్వేవాళ్ళు, చిక్కు లేకుండా,
పొద్దున్నే అడుగుల కోసం వెతికేవాళ్ళు,
పోయినవో, వచ్చినవో.
ఒకసారి నావి దొరికాయి. నాకప్పుడు ఆరేళ్ళు.
నీళ్ళ దాకా పోయి వెనక్కొచ్చిన అడుగులు.
రెండు రోజులు అడిగారు: ఎవర్ని చూడబోయావు?
సముద్రం గడ్డకట్టిందేమో చూడబోయానంటే
నమ్మలేదు.
అది జూన్ నెల మరి.

నేల లేస్తోందంటావు నువ్వు,
ఏడాదికి నువ్వుగింజ మందం,
ఎప్పుడో దిగిన మంచు బరువుకి
ఇంకా ఒళ్ళు విరుచుకుంటోందని.
సరే, నా ఆయుష్షుకి జానెడు.
లంక పెరిగింది. జనం పదకొండు.
అందులో ఇద్దరు ఎండాకాలమే ఉంటారు.

రా, చూపిస్తా.
నాన్న పడవ కట్టిన ఇనుప కడియం ఇదే.
అప్పట్లో ఈ బండ నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని ఉండేదట.
ఇప్పుడు సముద్రం అదిగో,
డెబ్భై అడుగులు వెయ్యాలి. కొలుచుకో కావాలంటే.
ఈ గడ్డిలోకి ఏ పడవా రాలేదు.
పొట్టేలుని కట్టేస్తున్నా దీనికి.
ఏటా సెప్టెంబరులో తుప్పు గీకి నూనె రాస్తా.
పొట్టేలు కోసమే.